తొమ్మిది నొక్కితే రిసెప్షన్ పలకాలి

హైదరాబాద్ నాంపల్లి స్టేషన్ రోడ్డులో ఒక లాడ్జి. 4 అంతస్తులు, 32 గదులు. రిసెప్షన్ వెనక గోడకు లేత బూడిదరంగు డబ్బా, దానికి జానెడు పైన దేవుడి పటాలు, వాటి ముందు అగరుబత్తి స్టాండు. డబ్బాకు ఇరవై ఏళ్లు దాటాయి. ఒకరోజు పొద్దున్నే ఓనరు ఫోన్ చేశాడు. "అన్నా, ఇంటర్‌కామ్ పనైపోయింది. కొత్తదానికి కొటేషన్ తెప్పించిన. పడేసే ముందు నువ్వొక్కసారి చూసిపో" అన్నాడు. ఏమైందని అడిగితే, "204 పలకుతలేదు" అన్నాడు.

ఒక్క గది పలకనందుకు మొత్తం డబ్బా మార్చాలనుకోవడం మీకు వింతగా తోచవచ్చు. అబిడ్స్, నాంపల్లి వీధుల్లో నేను చూసిన పాత ఇంటర్‌కామ్‌లలో చాలావాటికి ఇలాగే నూరేళ్లు నిండాయి. పెట్టినవాడు ఊరు మారిపోతాడు. ఆ తర్వాత వచ్చిన మేనేజరుకు ఏ తీగ ఎక్కడికి పోతుందో తెలియదు. ఎక్కడా రాసి ఉండదు. తెలియని వస్తువు మీద నమ్మకం నిలవదు కాబట్టి మొదటి చిన్న చెడుకే దాన్ని దించేస్తారు. ఈ అధ్యాయం ఆ నమ్మకాన్ని తిరిగి తెచ్చుకోవడం గురించి. మీది లాడ్జి కావచ్చు, చిరాగ్ అలీ లేన్‌లో ఆడిటర్ ఆఫీసు కావచ్చు, డయాగ్నస్టిక్ సెంటర్ కావచ్చు. మీరు మెకానిక్ కానక్కర్లేదు. ఒక మల్టీమీటర్, ఒక మంచి ఫోను, ఒక నోటుపుస్తకం ఉంటే సగం పని మీ చేతుల్లోనే ఉంటుంది.

అందరి జేబులో సెల్‌ఫోన్ ఉండగా ఇదంతా దేనికని అడుగుతారు. ఆ లాడ్జిలో దిగేవాళ్లను చూడండి. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి, నీలోఫర్ ఆసుపత్రికి జిల్లాల నుంచి వచ్చేవాళ్లు చాలామంది. రోగిని పడుకోబెట్టి తోడుగా వచ్చినవాళ్లు మందులకు పోతారు. గదిలో మిగిలిన ముసలాయనకు సెల్‌ఫోన్ ఉండదు, ఉన్నా ఛార్జింగ్ ఉండదు, రిసెప్షన్ నంబరు అసలే తెలియదు. మంచం పక్కన ఫోను ఉంటుంది. దాని మీద "రిసెప్షన్ 9" అని చీటీ అంటించి ఉంటుంది. ఆ ఒక్క అంకె పలకడం కోసం ఎంత కష్టపడినా తక్కువేనని నా ఉద్దేశం.

ఈ పని నాకు నేర్పిన ఉస్తాద్, టెలిఫోన్ డిపార్ట్‌మెంట్‌లో లైన్ల మీద పనిచేసి రిటైరయిన మనిషి. సంచి తెరిచే ముందు ఆయన ఒకటే అడిగేవాడు: "నిన్నటికీ ఇవాళ్టికీ ఇక్కడ ఏం మారింది?" పెయింటింగ్ జరిగిందా, ఏసీ పెట్టారా, మంచం జరిపారా, వాన పడిందా, కరెంటు పోయి వచ్చిందా. నడుస్తున్న పాత వ్యవస్థ ఊరికే ఆగదు. దాని చుట్టూ ఏదో కదిలి ఉంటుంది. మీరూ మొదట ఈ ప్రశ్నే అడగండి. రూమ్ బాయ్‌ను అడగండి, స్వీపరమ్మను అడగండి. ఓనరుకు తెలియని మార్పులు వాళ్లకు తెలుస్తాయి.

ఇక 204 సంగతి.

రిసెప్షన్ ఫోను ఎత్తి 204 కొట్టాను. ఎంగేజ్. నిమిషం ఆగి కొట్టినా ఎంగేజే. పైకి వెళ్లి చూస్తే గదిలో రిసీవర్ సరిగ్గానే పెట్టి ఉంది. ఇక్కడే మీకు సగం జవాబు దొరుకుతుంది. చెడిపోయిన ఎక్స్‌టెన్షన్‌కు రింగ్ చేస్తే ఎప్పుడూ ఎంగేజ్ వస్తోందంటే, రెండు తీగలు ఎక్కడో ఒకదానికొకటి తగులుతున్నాయి. డబ్బాకు అది రిసీవర్ ఎత్తి పెట్టినట్టే లెక్క. అలా కాక మీ చెవిలో రింగ్ వినిపిస్తూ గదిలో మాత్రం ఫోను మోగడం లేదంటే, తీగ ఎక్కడో తెగింది, లేదా గదిలో ఫోనే పాడైంది. షార్టా, ఓపెనా? స్క్రూడ్రైవర్ ముట్టకుండానే కుర్చీలో కూర్చుని తేల్చుకోగల సంగతి ఇది. ఇరవై ఏళ్లుగా రిసెప్షన్‌లో పనిచేసేవాళ్లకు కూడా ఈ తేడా ఎవరూ చెప్పలేదని తెలిసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

తర్వాతి పని లైన్‌ను రెండు ముక్కలు చేయడం. డబ్బా పక్కన ప్లాస్టిక్ పెట్టెలో క్రోన్ మాడ్యూళ్లుంటాయి, ఒక్కోదానికి 10 జతలు. డబ్బా నుంచి వచ్చే తీగలు ఒకవైపు, గదులకు పోయేవి రెండోవైపు. 204కు పోయే జతను అక్కడ విడదీసి, డబ్బా వైపు మంచి ఫోను తగిలించి చూడండి. డయల్ టోన్ వస్తే డబ్బా నిర్దోషి, తప్పు గది వైపు. రాకపోతే తప్పు డబ్బాలో, ఆ పోర్టులో. ఖాళీ పోర్టు ఉంటే ఆ గదిని దాని మీదికి మార్చి, కొత్త పోర్టుకు ప్రోగ్రామింగ్‌లో 204 అని నంబరు ఇచ్చుకోవచ్చు. ప్రతిసారీ ఒక్కటే మార్చండి. ఫోను, తీగ, పోర్టు మూడూ ఒకేసారి మార్చితే బాగయినా ఎందుకు బాగయిందో తెలియదు. మళ్లీ చెడినప్పుడు మొదటికొస్తారు.

ఆ రోజు డబ్బా వైపు టోన్ వచ్చింది. గదిలో ఫోను ఊడదీసి, కింద క్రోన్ దగ్గర గది వైపు జతకు మల్టీమీటర్ పెట్టి ఓమ్స్ చూశాను. 4.6. మీటరు తీగలు రెండూ ఒకదానికొకటి ఆనిస్తే 0.4 చూపించింది, అది తీసేస్తే 4.2 ఓమ్స్. మన లోపలి వైరింగ్‌లో వాడే అర మిల్లీమీటరు రాగి తీగ జత కిలోమీటరు పొడవుంటే, పోను రాను కలిపి సుమారు 168 ఓమ్స్ చూపిస్తుంది. అంటే 100 మీటర్లకు 17 ఓమ్స్ దరిదాపు. 4.2 అంటే 25 మీటర్లు. గదికి పోయే తీగ మొత్తం 40 మీటర్ల లోపే. రిసెప్షన్ నుంచి మెట్ల వెంట తీగ పోయిన దారినే అడుగులు లెక్కపెట్టుకుంటూ పైకి ఎక్కాను. 25 మీటర్లకు రెండో అంతస్తు వరండాలో దుప్పట్ల అల్మారా వచ్చింది. దాని పైన గోడకు కొత్తగా పచ్చటి "ఎగ్జిట్" బోర్డు. ముందురోజే పెట్టారట. దాని స్క్రూ ఒకటి కేసింగ్ పట్టీలోంచి సూటిగా దిగింది. స్క్రూ తీసి చూస్తే తీగ జత మీద తొడుగు చిట్లి, రెండు రాగి తీగల మధ్య ఆ ఇనుము కరుచుకున్న గుర్తు కనిపించింది. అంగుళం తీగ కత్తిరించి జెల్లీ కనెక్టర్లతో అతికించాను. ఓనరు 204 కొట్టాడు. మోగింది. కొటేషన్ కాగితం అప్పటికీ కౌంటర్ మీదే ఉంది.

ఓమ్స్ లెక్క షార్ట్‌కే పనికొస్తుందని గుర్తుంచుకోండి. తీగ తెగితే మీటరు ఏమీ చూపదు. అప్పుడు మధ్యలో తీగలు చీలే పెట్టె, అంటే డీపీ దగ్గరికి వెళ్లి, అక్కడ ఫోను తగిలించి మళ్లీ సగం చేసుకోవాలి. కొలిచేటప్పుడు జత డబ్బా నుంచి విడిపోయి ఉండాలి. లైన్ మీద ఓల్టేజీ ఉండగా ఓమ్స్ కొలిస్తే లెక్క తప్పుతుంది, మీటరూ పాడవుతుంది.

ఆ ఓల్టేజీ గురించి కూడా కొంచెం తెలుసుకోవాలి. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు తొలినాళ్ల నుంచి బ్యాటరీల మీదే నడిచాయి. 2 ఓల్టుల సీసం సెల్లులు 24 వరసగా కలిపితే 48 ఓల్టులు. తేమలో రాగి తొందరగా తినిపోకుండా ఉండడానికి పాజిటివ్‌ను భూమికి కలిపి, తీగ మీద మైనస్ 48 ఉంచారు. మీ గోడ మీది డబ్బా కూడా ఆ వంశానిదే. రిసీవర్ పెట్టి ఉన్నప్పుడు ఎక్స్‌టెన్షన్ మీద 48 దాకా ఉండవచ్చు, కొన్ని చిన్న డబ్బాల్లో అందులో సగమే ఉంటుంది. ఎత్తగానే 6 నుంచి 10 ఓల్టులకు పడిపోవాలి. మోగేటప్పుడు సుమారు 75 ఓల్టుల ఏసీ వస్తుంది. తీగ పట్టుకుని ఉండగా ఎవరైనా రింగ్ చేస్తే చెయ్యి జివ్వుమంటుంది. నిచ్చెన మీదున్నవాడు ఆ అదురుకే కిందపడగలడు. అందుకే నిచ్చెన ఎక్కేముందు జత విడదీయండి. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు బయటి లైన్ అసలు ముట్టవద్దు.

చెవితో కూడా చాలా తెలుస్తుంది. కరెంటు మోటారులా "హూం" అనే ఏకధాటి మోత ఉంటే, జతలో ఒక తీగ గోడ తడికో ఇనుప పైపుకో తగిలి భూమికి పోతోంది. గరగర ఉండి, ఫోను తీగ కదిలిస్తే తగ్గిపోతే రిసీవర్ వంకీల తీగ అరిగింది. అది చాలా చవకలో దొరికే వస్తువు. తీగ కదిపినా గరగర పోకపోతే, అందులోనూ వానాకాలంలోనే వస్తే, తడిసిన జాయింటు. ఒకే ఒక్క రింగ్ మోగి ఆగిపోతుంటే అదీ తడి పనే. తేమగుండా కరెంటు కారుతుంటే డబ్బా రిసీవర్ ఎత్తారనుకుని రింగ్ ఆపేస్తుంది. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన తర్వాత సెల్లార్లలో ఉన్న డీపీలన్నిటికీ ఇదే రోగం. ఆ వారం నేను చేసిన పని చాలావరకు తుడవడం, ఆరబెట్టడం, డీపీలను నడుము ఎత్తుకు పైకి జరపడమే. మీ డీపీ ఇంకా సెల్లార్ నేల దగ్గర ఉంటే ఈ ఎండాకాలంలోనే పైకి మార్చండి.

బయటి లైన్లకు కూడా అప్పట్లో తడే శత్రువు. తడి లోపలికి రాకుండా జిగురు నింపిన జెల్లీ కేబుళ్లు మన మౌలాలీలోని హిందుస్థాన్ కేబుల్స్ ఫ్యాక్టరీలోనూ తయారయ్యేవి. ఆ సంస్థను మూసివేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. నాకు తెలిసిన ఎంతోమంది ఇంటి తిండి ఆ కేబుళ్ల మీదే నడిచింది.

డబ్బా లోపలికి వద్దాం. పాత డబ్బాను తరచుగా సతాయించేవి మూడు: కరెంటు, వేడి, పొగ. ఆ లాడ్జిలో మూత తీస్తే కార్డుల మీద నల్లటి జిడ్డు పొర కనిపించింది. ఇరవై ఏళ్ల అగరుబత్తి పొగ, దీపం నూనె ఆవిరి అంతా డబ్బా గాలి రంధ్రాల్లోంచే పోయింది. మూలన ఎండిపోయిన బల్లి ఒకటి. శీతాకాలంలో బల్లులు వెచ్చదనం కోసం వచ్చి రెండు పిన్నుల మధ్య పడుకుంటాయి పాపం. దేవుడి పటాలు అక్కడే ఉండనివ్వండి, అగరుబత్తి స్టాండు మాత్రం అవతలి గోడకు మార్చండి. గాలి రంధ్రాలకు లోపలి నుంచి సన్నటి జాలీ అంటించండి. ఏడాదికి ఒకసారి కరెంటు, బ్యాటరీ రెండూ తీసేసి, మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, కార్డులు ఒక్కొక్కటి బయటికి లాగి, బంగారు రంగు అంచులను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిచి మళ్లీ అదే స్లాటులో పెట్టండి. "నాలుగు గదులు ఒకేసారి పోయాయి" అనే ఫిర్యాదు చాలాసార్లు దీంతోనే తీరుతుంది. నాలుగో ఎనిమిదో గదులు కలిసి పోతే అది తీగ తప్పు కాదు, అవన్నీ ఒకే కార్డు మీద ఉన్నాయని అర్థం.

డబ్బా తనంతట తాను ఆగి మళ్లీ లేస్తుంటే, మధ్యాహ్నం ఏసీలన్నీ నడిచే వేళ ఎక్కువగా జరుగుతుంటే, పవర్ సప్లై కార్డు చూడండి. కెపాసిటర్ల నెత్తి చదునుగా ఉండాలి. ఉబ్బితే మార్చాలి. కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. 105 డిగ్రీలవి అడిగి తీసుకోండి, 85వి కొద్దికాలమే వస్తాయి. ఈ ఒక్క పని మాత్రం తెలిసినవాడితోనే చేయించండి. ఆ కార్డు, అంటే ఎస్‌ఎంపీఎస్‌లోని పెద్ద కెపాసిటర్ ప్లగ్ తీశాక కూడా కొంతసేపు 300 ఓల్టుల దాకా పట్టి ఉంచుతుంది.

బ్యాటరీలు 12 ఓల్టుల 7 ఏహెచ్‌వి సాధారణంగా 4 వరసగా ఉంటాయి. ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు ఒక్కోటి 13.5 దగ్గర చూపాలి. ఒకటి వెనకబడితే దాన్నొక్కదాన్నే మార్చి డబ్బు మిగుల్చుకోవాలనిపిస్తుంది. అలా చేయకండి. పాతవి కొత్తదాన్నీ తమ దారికే లాక్కుపోతాయి. నాలుగూ కలిపే మార్చండి, తేదీ మార్కర్‌తో వాటి మీదే రాయండి. కరెంటు లేకుండా ఎంతసేపు నడుస్తుందో తెలుసుకోవడానికి మూడు నెలలకోసారి పగటిపూట మెయిన్ ఆపి గడియారం చూడండి. అర్ధరాత్రి కరెంటు పోయాక తెలుసుకోవడం కంటే అది నయం.

ఇంకో బ్యాటరీ ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. మెయిన్ కార్డు మీద బొటనవేలంత 3.6 ఓల్టుల నికెల్ కాడ్మియం ముక్క. కరెంటు, పెద్ద బ్యాటరీలు రెండూ పోయినా ప్రోగ్రామింగ్ మరిచిపోకుండా కాపాడేది అదే. కొన్ని డబ్బాల్లో దాని బదులు బిళ్ల బ్యాటరీ ఉంటుంది. పదేళ్లు దాటిన నికెల్ ముక్క కారుతుంది, కారిన చోట పచ్చగా తెల్లగా బూజులాంటిది పేరుకుని రాగి గీతలను తినేస్తుంది. నేను చూసిన డబ్బాల్లో బాగుచేయలేని స్థితికి చేరినవి ఎక్కువగా ఈ చిన్న ముక్క వల్లే చేరాయి. ఇప్పుడే టార్చి వేసి చూడండి. బూజు మొదలైతే ముక్క తీసేసి, నీళ్లు కలిపిన వెనిగర్ పుల్లతో అద్ది, ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది వేయించండి. అయితే తీసే ముందు ప్రోగ్రామింగ్ మొత్తం కాగితం మీద ఉండాలి. అది లేకుండా బ్యాటరీ తీస్తే 32 గదుల నంబర్లూ, లాక్‌లూ పోతాయి.

ప్రోగ్రామింగ్ అనగానే జంకుతారు. ఈ డబ్బాలకు ఒక చరిత్ర ఉంది. 1984 ఆగస్టులో కేంద్రం సీ-డాట్ అనే టెలిఫోన్ పరిశోధన సంస్థను పెట్టి మన ఊళ్లకు సరిపడే ఎక్స్ఛేంజీలు మన ఇంజినీర్ల చేత తయారు చేయించింది. దుమ్ముకూ వేడికీ తట్టుకునేలా, ఏసీ గది లేకుండా నడిచేలా కట్టడం వాళ్ల పట్టుదల. అక్కడి 128 పోర్టుల డిజైన్ ప్రైవేటు కంపెనీల చేతికి వెళ్లాక ఆఫీసు ఎక్స్ఛేంజీలు మన దేశంలోనే విరివిగా తయారయ్యాయి. తర్వాతి కాలంలో సింటెల్, మ్యాట్రిక్స్, క్రిస్టల్, పానసోనిక్ డబ్బాలు అబిడ్స్ అంతటా గోడలెక్కాయి. దాదాపు అన్నీ మామూలు ఫోను బటన్లతోనే ప్రోగ్రాం అవుతాయి. ఒక కోడ్ కొట్టి లోపలికి వెళ్లడం, ఒక అంకెల వరస కొట్టడం, బీప్ వినడం. అంతే. మీ మోడల్ పుస్తకం లేకపోతే ఇంటర్నెట్‌లో మోడల్ పేరుతో వెతికి ప్రింటు తీసి డబ్బా మూత లోపల సంచిలో పెట్టండి.

ప్రోగ్రామింగ్ తెలియకపోతే ఏమవుతుందో 2021 జనవరిలో చూశాం. ఆ నెల 15 నుంచి ల్యాండ్‌లైన్ మీద మొబైల్‌కు చేయాలంటే ముందు సున్నా కొట్టాలన్నారు. ఆ వారం నాకు ఫోన్లే ఫోన్లు. "డబ్బా చెడిపోయింది, సెల్‌కు కాల్ పోవట్లేదు." డబ్బాలు బాగానే ఉన్నాయి. ఎస్టీడీ బిల్లులకు భయపడిన రోజుల్లో అందరూ సున్నాకు లాక్ వేయించుకున్నారు. లైన్ కోసం ఒక సున్నా, తర్వాత ఇంకో సున్నా వస్తే డబ్బా కట్ చేసేది. ఎప్పుడో వేసిన తాళమని ఎవరికీ గుర్తులేదు. కొందరు 06, 07, 08, 09 మాత్రం తెరిపించమన్నారు. కానీ విజయవాడ 0866, అదీ 08 తోనే మొదలవుతుంది, కాబట్టి ఎస్టీడీని విడదీసే దారి అక్కడ లేదు. దేశమంతా ఒకే ధరకు మాట్లాడుకునే ప్లాన్లు వచ్చాక ఆ తాళం అవసరమూ లేదు. నేనిచ్చే సలహా: సున్నా తెరవండి, 00ను మాత్రం మూసి ఉంచండి, అది విదేశాలకు. స్పీడ్ డయల్‌లో దాచిన పాత మొబైల్ నంబర్లన్నిటికీ ముందు సున్నా చేర్చండి. బయటివాళ్లు డయల్ చేసి మీ డబ్బా గుండా మళ్లీ బయటికి కాల్ చేసుకునే డీసా అనే సౌకర్యం ఉంటే ఆపేయండి, దాన్ని దొంగలు వాడుకుంటారు. ప్రోగ్రామింగ్ కోడ్ కంపెనీ ఇచ్చిందే ఉంటే మార్చి, నోటుపుస్తకంలో రాయండి.

ఈ మధ్య వచ్చే ఫిర్యాదు మరో రకం. బయటి రాగి జత పోయి ఫైబర్ వచ్చింది. ఫైబర్ మోడెం వెనక ఫోను రంధ్రం ఉంటుంది. దాని తీగను డబ్బాలో పాత లైన్ ఉన్న చోటే తగిలించవచ్చు, డబ్బాకు తేడా తెలియదు. అయితే రెండు సంగతులు చూసుకోవాలి. పాత లైన్‌కు కరెంటు ఎక్స్ఛేంజ్ నుంచే వచ్చేది, వీధంతా చీకటైనా లైన్ బతికేది. ఇప్పుడు మోడెంకు మీరే కరెంటు ఇవ్వాలి. కాబట్టి దాన్ని యూపీఎస్ మీద పెట్టండి. రెండోది, కాల్ అయిపోయినా లైన్ దీపం వెలుగుతూనే ఉండడం. తర్వాత ఎవరు చేసినా ఎంగేజ్. అవతలివాళ్లు పెట్టేశారన్న సంగతి డబ్బా ఎంగేజ్ టోన్ విని తెలుసుకోవాలి. మన దేశపు టోన్ 400 హెర్ట్జ్, ముప్పావు సెకను మోగి ముప్పావు సెకను ఆగుతుంది. మోడెంలో వేరే దేశం సెట్టింగ్ ఉంటే టోన్ వేరుగా ఉంటుంది, డబ్బా గుర్తుపట్టదు. మోడెం పెట్టినవాళ్లతో ఇండియా సెట్ చేయించండి. డబ్బాలో బిజీ టోన్ గుర్తింపు ఆన్ చేయండి. అప్పటికీ తీరకపోతే ఒక కాల్‌కు ఇన్ని నిమిషాలేనని గడువు పెట్టుకోండి.

విడిభాగాల సంగతి. పానసోనిక్‌లాంటి పెద్ద కంపెనీయే ఈ వ్యాపారం నుంచి తప్పుకున్నాక కొత్త కార్డుల మీద ఆశ పెట్టుకోవద్దు. మీ డబ్బా బాగున్న రోజుల్లోనే అదే మోడల్ ఇంకొకటి వెతకండి. లాడ్జీలు, ఆఫీసులు మూసేటప్పుడు, మార్చేటప్పుడు ఇవి తూకానికి పోతుంటాయి. చుట్టుపక్కల మేనేజర్లకు మాట వేసి ఉంచండి. దొరికితే కార్డులు ఒక్కొక్కటీ మీ డబ్బాలో పెట్టి, రెండు రోజులు నడిపి, పేరు రాసి, కాగితంలో చుట్టి దాచండి. మీరు వాడే రకం ఫోన్లు రెండు, వంకీల తీగలు అరడజను, క్రోన్ టూలు ఒకటి కూడా దాచుకోండి. తీగ ట్రూప్ బజార్‌లో ఎప్పుడంటే అప్పుడు దొరుకుతుంది.

ఎంత చేసినా కొన్నిటికి కాలం తీరుతుంది. మెయిన్ కార్డు గీతలు తినిపోయి, రెండో డబ్బా దొరక్క, ఒకే సీజన్‌లో మూడుసార్లు గదులన్నీ మూగబోతే ఇక పట్టుపట్టవద్దు. అప్పుడు కూడా గదుల్లోని తీగలు, ఫోన్లు పారేయకండి. 1999లో అమెరికాలో మార్క్ స్పెన్సర్ అనే కుర్రాడు ఎక్స్ఛేంజ్ కొనే స్తోమత లేక, మామూలు కంప్యూటర్ మీద నడిచేలా తానే ఒకటి రాసుకున్నాడు. పేరు ఆస్టరిస్క్, ఉచితంగా దొరుకుతుంది. దానికి మామూలు ఫోన్లను కలిపే 24 పోర్టుల గేట్‌వేలు ఉన్నాయి. క్రోన్ దగ్గర జతలు మార్చితే చాలు, పై అంతస్తుల్లో గోడ తవ్వే పని ఉండదు. మార్పు ఎప్పుడు చేసినా నుమాయిష్ రోజుల్లో మాత్రం వద్దు. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు వచ్చే జనంతో నాంపల్లి గదులు నిండి ఉంటాయి.

నోటుపుస్తకం గురించి చివర చెబుతున్నాను, కానీ మీరు మొదలుపెట్టవలసింది దాంతోనే. మా ఉస్తాద్ వందల బిల్డింగుల తీగల దారులు తలలో పెట్టుకుని తిరిగాడు. ఆయన చనిపోయిన ఏడాది ఎన్ని డబ్బాలు దిగిపోయాయో నా కళ్లతో చూశాను. ఒక్కో గదికి ఒక వరస గీయండి: గది నంబరు, పోర్టు, క్రోన్‌లో ఎన్నో జత, తీగ రంగు. రంగులకు ఒక క్రమం ఉంది. తెల్లటి తీగతో నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, పలక రంగు, తర్వాత ఎర్ర తీగతో మళ్లీ అవే అయిదు. ఒక మధ్యాహ్నం ఇద్దరు కూర్చుంటే, ఒకరు గదిలో ఒకరు కింద, 32 గదులూ అయిపోతాయి. తర్వాత వచ్చిన ప్రతి చెడూ తేదీ వేసి, ఏం కనిపించింది, ఏం మార్చాం, ఏమైంది అని రాయండి. పుస్తకాన్ని దారంతో డబ్బాకే కట్టండి, డ్రాయర్‌లో పెడితే పోతుంది.

ఆ లాడ్జిలో నైట్ డ్యూటీ కుర్రాడు నారాయణపేట వైపు నుంచి వచ్చినవాడు. 204 రోజున నా వెంట మెట్లెక్కి అడుగులు లెక్కపెట్టింది అతనే. "సార్, నేను రాస్త బుక్కు" అన్నాడు. క్రోన్ టూలు అతని చేతికిచ్చి, పనికిరాని తీగ మీద పది జతలు దిగేసి చూపించమన్నాను. మూడోసారికి చేయి కుదిరింది.

మొన్న వెనిగర్ పని మీద ఆ దారిన వెళ్లి పుస్తకం తెరిచాను. చివరి పేజీలో అతని రాత. రాత్రి 2.40. 311 పెద్దాయన కిందికి దిగి వచ్చి ఫోను పలకట్లేదని చెప్పాడు. కొడితే రింగ్ పోతోంది, గదిలో మోగట్లేదు. క్రోన్ దగ్గర టోన్ ఉంది. ఫోను మార్చినా అంతే. గోడ మీది రోజెట్‌లో తీగ ఊడింది, బిగించిన. పెద్దాయనతోనే 9 కొట్టించిన. పలికింది.